బ్యాండు సాధన, రికార్డింగు, వేదిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గోదావరి జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న పాప్ బ్యాండ్లవి. మిగతా రోజుల్లో చదువులూ ఉద్యోగాలూ చేసుకుంటూ, సెలవు రోజుల్లో గిటారు, కీబోర్డు, డ్రమ్స్ దగ్గర చేరే బృందాలు ఇవి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మేం ఐదుగురం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న మేడ గదిలో ఆదివారాలు సాధన చేస్తున్నాం. మొదలుపెట్టిన కాసేపటికే ఎవరి వాద్యం వారికి వినబడక అందరం సౌండు పెంచేస్తాం. పాడేవాడి మైకు కీచుమంటుంది. బేసు గిటారు కొన్ని స్వరాల దగ్గర గది అదిరేలా మోగుతుంది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించినా పక్కింటివారి ఫిర్యాదు తగ్గలేదు. ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ కొనాలా?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: కొనవద్దు. ఆ గదికి ఇప్పుడున్నవే ఎక్కువ. చిన్న గదిలో శబ్దం ఎంత ఉండాలో నిర్ణయించేది డ్రమ్స్. మిగిలిన వాద్యాలకు సౌండు తగ్గించే నాబ్ ఉంటుంది గానీ డ్రమ్స్‌కు ఉండదు. స్నేర్ (డ్రమ్స్‌లో గట్టిగా టక్కుమనే చిన్న డ్రమ్ము) మీద దెబ్బ పడే బలాన్ని బట్టి గిటారు పెరుగుతుంది, గిటారును చూసి కీబోర్డు పెరుగుతుంది, చివరికి గొంతు అన్నిటికీ అడుగున పడిపోతుంది. కాబట్టి తగ్గించడం అక్కడే మొదలుపెట్టాలి. మామూలు కర్రలకు బదులు సన్నని పుల్లలు కట్టగా కట్టిన రాడ్స్ వాడడం, స్నేర్ మీద చేతిరుమాలు పరచడం, లేదా ఆర్కెస్ట్రాల వారిలా, కొడితే డ్రమ్స్ శబ్దం పలికే ఎలక్ట్రానిక్ పలక రిథమ్ ప్యాడ్ పెట్టుకుని చిన్న స్పీకరులో వినడం, ఈ మూడింటిలో ఏది కుదిరినా మిగిలిన నలుగురి సౌండు దానంతట అదే దిగుతుంది.

రెండోది, గిటారు ఆంప్లిఫయర్ ఉన్న చోటు. దాన్ని నేల మీద పెట్టి ముందు నిలబడి వాయించే కుర్రవాడికి ఆ శబ్దం మోకాళ్ళకు తగులుతుంది గానీ చెవికి అందదు. అందుకే అతను పెంచుతాడు, ఎదురుగా కూర్చున్న కీబోర్డు అబ్బాయి చెవులు చిల్లులు పడతాయి. ఆ పెట్టెను ఒక కుర్చీ మీదకు ఎత్తి, ముఖం కాస్త పైకి వాల్చి చూడండి; ఎవరూ చెప్పకుండానే అతనే తగ్గిస్తాడు.

బేసు అదరడం మీ వాద్యం లోపం కాదు, గది కొలతల వల్ల వచ్చినది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న స్వరం ఆ గోడల మధ్య చిక్కుకుని మిగతా వాటికంటే పెద్దగా, ఎక్కువసేపు మోగుతుంది. శబ్దవేగం సెకనుకు సుమారు 345 మీటర్లు అనుకుంటే, పది అడుగుల గదిలో అలా చిక్కుకునే మొదటి స్వరం 57 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బేసు గిటారులో మూడో తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. మీ పాటలు ఆ తీగ చుట్టూ తిరిగేవైతే గది అదరడంలో వింతేమీ లేదు. బేసు పెట్టెను మూల నుంచి బయటికి జరిపి, దాని మీద బాస్ అని రాసి ఉన్న నాబ్‌ను సగానికి తగ్గించండి.

మైకు విషయంలో నూటికి తొంభై మంది చేసే పొరపాటు, పాడేవాడి వెనుక స్పీకరు పెట్టడం. పాడడానికి వాడే మామూలు డైనమిక్ మైకు ముందువైపు శబ్దాన్ని బాగా పట్టుకుంటుంది, తోకవైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు పట్టించుకోదు. కాబట్టి స్పీకరు మైకు తోకకు ఎదురుగా, అంటే పాడేవాడి ముఖంవైపు చూస్తూ ఉండాలి. టీవీలో చూసి మైకు తలను గుప్పిట్లో మూసి పాడడం కూడా మానాలి. ఆ జాలీని చేత్తో కప్పేస్తే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ పట్టుకోవడం మొదలుపెట్టి కీచుమంటుంది.

ఇక కోడిగుడ్ల అట్టలు. తణుకు, అనపర్తి వైపు కోళ్ళఫారాల పుణ్యమా అని మనకు అవి తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి ఈ వైద్యం బాగా ప్రచారంలో ఉంది. అవి గదిలోపల తీవ్రమైన శబ్దాల ప్రతిధ్వనిని కొంచెం తగ్గిస్తాయేమో గానీ, బయటికి పోయే శబ్దాన్ని ఆపవు. శబ్దం బయటికి పోకుండా ఆపేది బరువు: ఇటుక గోడ, మందమైన తలుపు, సందులు లేని కిటికీ. పైగా ఆ అట్టలు నిప్పు తగిలితే భగ్గుమంటాయి, వైర్లున్న గదిలో ఉంచదగినవి కావు. గదిలో మోత తగ్గడమే కావాలంటే కొబ్బరి పీచు పరుపు ఒకటి గోడకు జానెడు ఎడంగా నిలబెట్టండి, అంతకంటే బాగా పనిచేస్తుంది. అయినా బేసును అది కూడా ఆపలేదు, ఎందుకంటే 100 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యమే సుమారు మూడున్నర మీటర్లు. పక్కింటివారి కోసం చేయదగినది వేళ మార్చుకోవడమే. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు గనుక కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి. అడిగితే పగటిపూట తక్కువ అద్దెకు ఇచ్చే యజమానులు ఉంటారు. ఆ హాళ్ళలో శబ్దం గింగిర్లు తిరిగినట్టు మోగుతుంది, కాని ప్రోగ్రాము ముందు రెండు మూడు సార్లు వాయించి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఒక్క పని వచ్చే ఆదివారమే చేయండి. కరెంటు ఏదీ లేకుండా, వలయంగా కూర్చుని, పాడేవాడి గొంతు మామూలుగా ఉన్నప్పుడు అతని మాటలు స్పష్టంగా వినబడేంత నెమ్మదిగా ఒక పాటను మొదటి నుంచి చివరి వరకు వాయించి, మధ్యలో ఫోను పెట్టి రికార్డు చేయండి. ఎవరు లయను పరుగెత్తిస్తున్నారో, ఎవరు గొంతు ఉన్న చోటే అడ్డంగా వాయిస్తున్నారో అందులో బయటపడుతుంది.

ప్రశ్న: మాలో ఎవరికీ నొటేషన్ చదవడం రాదు. చెవితో పట్టుకుని వాయిస్తాం. ఇది లోపమా?
– తణుకు పాఠకుడు

జవాబు: లోపం కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కారు. గురువు గారు పాడితే శిష్యుడు విని తీగల మీద పలికించేవారు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అంత సంగీతం ఆ దారిలోనే వచ్చింది. అయితే ఐదుగురు కలిసి వాయించేటప్పుడు జ్ఞాపకాలు ఐదు రకాలుగా ఉంటాయి కాబట్టి, సాహిత్యం ఒక కాగితం మీద రాసి, మాటల పైన కార్డ్స్ (గిటారు మీద కలిపి మోగించే స్వరాల పేర్లు), ఏ చరణం తరువాత ఎన్ని ఆవర్తాలు ఖాళీ అన్నది కూడా రాసిపెట్టుకోండి. పాడేవారు హార్మోనియం లెక్కలో రెండు శ్రుతి అంటే గిటారు వారికి అది డీ అనీ, ఐదు అంటే జీ అనీ కాగితం పైనే రాయండి. కొత్త బృందాల్లో సగం తగవులు శ్రుతి దగ్గరే వస్తాయి.

ప్రశ్న: రెండు ఛానెళ్ళ ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక కండెన్సర్ మైకు కొనుక్కుని ఇంట్లోనే మా పాట రికార్డు చేస్తున్నాం. వెనకాల ఎప్పుడూ ఒక గుయ్యిమనే శబ్దం వస్తోంది. క్లిక్ పెట్టుకుంటే మా డ్రమ్స్ అబ్బాయి బిగుసుకుపోతున్నాడు. అందరం ఒకేసారి వాయించాలా, ఒక్కొక్కరుగా వాయించాలా?
– పాలకొల్లు బృందం

జవాబు: ముందు ఆ గుయ్యిమనడం. లాప్‌టాప్ చార్జరును ఊడదీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోతే దోషం చార్జరుది లేదా ఇంటి ఎర్తింగుది, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ పరీక్ష చేయించాలి. పోకపోతే గిటారు వైరును ఫోను చార్జర్లకు, ఫ్యాను రెగ్యులేటరుకు దూరంగా జరపండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గనుక దాని నుంచి పుట్టే హమ్, అంటే ఆ గుయ్యిమనే శబ్దం కూడా 50, 100 హెర్ట్జ్‌ల దగ్గరే ఉంటుంది. తరువాత కంప్యూటరులో దాన్ని కత్తిరించబోతే బేసు గిటారు ప్రాణం కూడా దానితో పోతుంది. కండెన్సర్ మైకు కరెంటు అందితేనే పనిచేస్తుంది గనుక ఇంటర్‌ఫేసు (మైకును, గిటారును కంప్యూటరుకు కలిపే పెట్టె) మీద 48 వోల్టుల మీట వేయాలన్నది మీకు తెలిసే ఉంటుంది.

ఇద్దరిని మాత్రమే ఒకేసారి రికార్డు చేయగల ఇంటర్‌ఫేసుతో ఐదుగురూ కలిసి వాయించడం కుదరదు. ముందు గిటారుతో ఒకరు పాట మొత్తం పాడి ఒక నమూనా ట్రాకు వేయండి, దాని మీద డ్రమ్స్ లేదా ప్యాడ్, తరువాత బేసు, కీబోర్డు, గిటారు, అన్నీ కుదిరాక చివరిగా అసలు గొంతు. క్లిక్ అనే, లయ తప్పకుండా వినిపించే టిక్కుటిక్కు వినగానే బిగుసుకుపోయేవారికి దాని బదులు అదే వేగంలో నడిచే ఒక తబలా లూపు (మళ్ళీ మళ్ళీ తిరిగే చిన్న రికార్డు) హెడ్‌ఫోన్లో వినిపించండి, చివరికి దాన్ని తీసేయవచ్చు. లూపులతో పెరిగిన మన ఆర్కెస్ట్రా వారికి అది అలవాటైన నడక. ఆ హెడ్‌ఫోన్లు చెవులను పూర్తిగా మూసేవి కావాలి, లేకపోతే లూపు మైకులోకి కారిపోతుంది.

రికార్డు చేసేటప్పుడు లెవెల్ ఎర్రగీత దాకా తీసుకుపోవాలన్నది క్యాసెట్ల కాలం నాటి అలవాటు. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు అతి బిగ్గరైన చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటే చాలు. ఒక్కసారి సున్నా దాటి పగిలిన గొంతును ఆ తరువాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. గొంతుకూ మైకుకూ మధ్య జానెడు దూరం ఉంచండి. మరీ దగ్గరకు వెళితే మంద్రం ఉబ్బి మాట మసకబారుతుంది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా మైకు పెట్టి, పాడేవారి వెనుక రెండు బొంతలు వేలాడదీస్తే ఇంట్లో అంతకు మించిన స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపక తప్పదు. వైశాఖంలో మన ఊళ్ళలో ఫ్యాను లేకుండా గదిలో పాడడం శిక్షే గనుక గొంతుల పని తెల్లవారుజామున పెట్టుకోండి. వానాకాలమైతే కప్పలు, చెరువుల దగ్గరైతే నీటిని చిలికే ఏరేటర్లు ముందే పాట అందుకుంటాయి, ఆ సంగతి చూసుకోండి.

మిక్సింగులో తెలుగు పాటకు నా పట్టుదల ఒకటుంది: మాట వినబడాలి. గొంతును వాద్యాల్లో సగం ముంచేయడం కొన్ని చోట్ల ఫ్యాషనే కావచ్చు, కానీ ఒత్తులూ పొల్లులూ మింగేసిన తెలుగు పాట ఏ భాషదో తెలియదు. చిన్న ఫోను స్పీకరులో బేసు దాదాపు వినబడదు కాబట్టి దాన్ని విని బేసు పెంచకండి. ఫోనులో మాట తెలుస్తోందా లేదా అన్నది మాత్రం చూసుకుని, బేసును మంచి హెడ్‌ఫోన్లో తేల్చుకోండి.

ప్రశ్న: గిటారు తీగలు నెల తిరక్కుండానే తుప్పు పడుతున్నాయి. నాసిరకం తీగలా?
– నరసాపురం దగ్గరి పాఠకుడు

జవాబు: కాకపోవచ్చు. సముద్రపు ఉప్పుగాలి, చేతి చెమట, తేమ, ఈ మూడూ కలిసే చోట ఉక్కు తీగ ఎక్కువ కాలం నిలవదు. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డను తీగల పైనా కిందా తిప్పి తుడవండి. గిటారును గోడకు వేలాడదీయకుండా సంచిలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడు మారుస్తూ ఉండండి. అకూస్టిక్ గిటారు చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది; వానాకాలంలో అంతకు మించితే పై చెక్క ఉబ్బి, తీగలు ఎత్తుగా లేచి, నొక్కడం కష్టమవుతుంది. అప్పుడు అవీ ఇవీ తిప్పకుండా తెలిసినవారికి చూపించండి.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతూ స్నేహితుల బ్యాండులో డ్రమ్స్ వాయిస్తోంది. సాధన నుంచి వచ్చాక చెవుల్లో గుయ్యిమంటోందని అంటోంది. ఆడపిల్లకు ఆ డప్పులేమిటని బంధువులు అంటున్నారు. రాత్రి ప్రోగ్రాములంటే నాకూ భయమే. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రామచంద్రపురం

జవాబు: అమ్మా, ముందు చెవుల సంగతి చూద్దాం, అదే తొందరగా చూడవలసినది. గుయ్యిమనడం చెవి లోపలి సున్నితమైన కణాలు అలసిపోయాయనడానికి గుర్తు. విశ్రాంతినిస్తే తగ్గుతుంది, కానీ అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ తగిలితే అవి చచ్చిపోతాయి, తిరిగి పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చునని, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగానికి సగం తగ్గుతుందని ఒక లెక్క వాడుకలో ఉంది. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే మిగులుతుంది, మూసిన చిన్న గదిలో డ్రమ్స్ ఆ అంకెను అందుకోవడం అరుదేమీ కాదు. దూది పెట్టుకుంటే చాలదు. మందుల షాపులో దొరికే నురుగు ఇయర్ ప్లగ్స్‌ను వేళ్ళతో సన్నగా చుట్టి చెవిలోకి దూర్చి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. గంటకోసారి బయటికి వచ్చి పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవాలి. మరునాటికీ ఆ శబ్దం తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి.

రాత్రి ప్రోగ్రాముల గురించి మీ భయం సహజమే. ఏ ఊరు, వేదిక ఎక్కడ, తిరిగి వచ్చే బండి ఎవరిది, బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, ఈ నాలుగూ బయానా పుచ్చుకునే ముందే నిర్వాహకులను అడగమని బృందానికి చెప్పండి. ఇది అమ్మాయిలున్న బ్యాండ్లకే కాదు, అందరికీ అవసరమైన పద్ధతి. మొదటి రెండు మూడింటికి మీరూ వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. బంధువుల మాటకు జవాబు చెప్పే భారం మీరు పెట్టుకోకండి. అమ్మాయి తాళం నిలకడగా ఉందా లేదా అన్నది ఆమెతో వాయించేవారు చూసుకుంటారు.

ప్రశ్న: సినిమా పాటలు వాయించడానికి అనుమతి కావాలా? ఇంగ్లీషు పాప్ పాటకు తెలుగు మాటలు రాసి పాడవచ్చా?
– కాకినాడ బృందం

జవాబు: 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, ఔత్సాహిక సంఘాలు టిక్కెట్టు లేకుండా ప్రేక్షకుల ముందు, లేదా ధార్మిక సంస్థ సహాయార్థం పాటను ప్రదర్శిస్తే దాన్ని ఉల్లంఘనగా చూడదు. పెళ్ళి ఊరేగింపుకూ, పెళ్ళికి సంబంధించిన వేడుకలకూ కూడా మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టిన కార్యక్రమానికి మాత్రం అనుమతి కావాలి. రచయితల, సంగీత దర్శకుల తరఫున దాన్ని ఇచ్చే సంఘం ఐపీఆర్‌ఎస్. ఔత్సాహికుల మినహాయింపు పాటకూ మాటకూ ఉన్నది గానీ, సీడీ నుంచో ఫోను నుంచో వేసే అసలు రికార్డుకు కాదన్నది గుర్తుంచుకోండి. పాటను మీరే మళ్ళీ రికార్డు చేసి అమ్మాలంటే, 2012 సవరణ ప్రకారం, అది మొదట రికార్డు అయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు గడవాలి, హక్కుదారులకు ముందుగా తెలియజేసి రాయల్టీ కట్టాలి.

పరాయి బాణీకి తెలుగు మాటలు కట్టడం అనువాదమైనా అనుసరణైనా, హక్కు అసలు రచయితదే. సరదాకు గదిలో పాడుకోండి, విడుదల చేయకండి. నిజానికి పాటగానూ అది అంత అందంగా రాదు. ఇంగ్లీషు మాట నొక్కులకు కట్టిన బాణీలో తెలుగు మాటలు ఇరికిస్తే హ్రస్వాలు సాగుతాయి, దీర్ఘాలు కుంచించుకుపోతాయి. మీ ఊరి మాటలు పట్టుకుని బాణీని వాటి గురులఘువుల మీద కట్టండి.

ప్రశ్న: మావుళ్ళమ్మ ఉత్సవాల రోజుల్లో మా పేట పందిట్లో ఒక గంట వాయించమన్నారు. పోయినసారి వేరే ఊళ్ళో పాడుతుంటే మైకు పెదవికి తగిలి షాకు కొట్టింది. జనం సినిమా పాటలే అడుగుతారు, మాకు మా సొంత పాటలు పాడాలని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– భీమవరం బృందం

జవాబు: షాకును చిన్న సంగతిగా తీసుకోకండి. గిటారు ఆంప్లిఫయర్ ఒక చోటి నుంచి, మైకు మిక్సరు మరో చోటి నుంచి కరెంటు తీసుకుని, రెంటిలో ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగల మీద చెయ్యి ఉంచి మైకుకు పెదవి ఆనించిన మనిషి ఒంటి గుండా కరెంటు ప్రవహిస్తుంది. మన పందిళ్ళలో దేవుడి ఎదుట చెప్పులు విప్పి ఎక్కుతాం, వేదిక కింద నేల తడిగా ఉంటుంది, అపాయం రెట్టింపవుతుంది. మీ వాద్యాలూ మైకు సెట్టూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలనీ, ఆ బోర్డుకు, కరెంటు ఒంట్లోకో నేలలోకో కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలనీ ముందే మాట్లాడుకోండి. ప్లగ్గులో మూడో పిన్ను విరిచేసి హమ్ తగ్గించామని చెప్పేవారుంటే ఆ వైరును మార్చేదాకా పాడవద్దు. కాళ్ళ కింద పొడి రబ్బరు పట్టా వేసుకోండి, వీలైతే గొంతుకు వైర్‌లెస్ మైకు అడగండి.

జనం రాకముందే సౌండు సరిచూసుకోండి. ఖాళీ పందిరి, నిండిన పందిరి ఒకేలా వినబడవు. మనుషులు శబ్దాన్ని పీల్చుకుంటారు గనుక మొదటి పాట అయ్యాక మిక్సరు దగ్గరున్న వ్యక్తి మళ్ళీ సర్దుకోవాలి. మీరు వాయించేది మీకు వినబడడానికి ముందు పెట్టే స్పీకర్లలో, అంటే మానిటర్లలో, అన్నీ అడగకండి. గొంతు, కీబోర్డు చాలు. డ్రమ్స్ ఎలాగూ పక్కనే ఉన్నాయి.

పాటల వరుసలో సినిమా పాటలను చిన్నచూపు చూడవద్దు. వాటితోనే జనం మీ వైపు తిరుగుతారు. రెండు తెలిసిన పాటలు వాయించి, చప్పట్లు పూర్తిగా ఆగకముందే ఉపోద్ఘాతం ఏదీ లేకుండా మీ సొంత పాట మూడోదిగా ఎత్తుకోండి. ఇది మా స్వీయ రచన అని ముందే ప్రకటిస్తే సగం మంది మిరపకాయ బజ్జీల బండి దగ్గరకు లేస్తారు. పల్లవి తిరిగి రెండోసారి వచ్చాక ఆ మాట చెప్పినా నష్టం లేదు.

లౌడ్ స్పీకర్లకు అధికారుల నుంచి రాతపూర్వకమైన అనుమతి అవసరం. మన దగ్గర ఆ పని పోలీసు స్టేషన్‌లో మొదలవుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడరాదు. పండుగలకు అర్ధరాత్రి వరకు ఏడాదికి 15 రోజులకు మించకుండా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజు దాని కిందకు వస్తుందో లేదో నిర్వాహకులు కాగితం చూపిస్తేనే నమ్మండి. రాకపోతే మీ గంటను 8.30కే మొదలుపెట్టించండి, సొంత పాటను చివరికి దాచుకోకండి. సన్మానాలు, ఉపన్యాసాలు ఎంతో కొంత పొడుగు కాక మానవు, అప్పుడు కోత పడేది చివరి పాటకే.